పాలు తగలని రొట్టె

రూత్ అమ్మ రొట్టె ముక్క నోట్లో పెట్టుకొని కండ్లు మూసుకునిందంటే చాలు, ఖాసిం సాబ్ చేతిలో పని ఆపేసి ఆమె మొగమే చూస్తా నిలబడేవాడు. మూడు శుక్రవారాలు అదే కత. ఆమె నమిలేది, నమిలేది, నమిలేది. కండ్లు తెరిచి తలకాయ అడ్డంగా ఊపేది.

"ఇది కాదు, ఖాసిం గారూ. దగ్గరికి వచ్చారు. కానీ ఇది కాదు."

నలభై ఏండ్లు మంట ముందర నిలబడిన మనిషి ఖాసిం సాబ్. ఐదో క్లాసులో ఉండంగానే నాయన బడి మానిపించి, భట్టీలోకి రొట్టెలు తోసే పొడుగు కట్టె చేతికిచ్చినాడు. ఆ పొద్దు నుంచి ముందర మంట, వెనకాల ఆదోని. ఊళ్ళో ఇప్పుడు అందరివీ కరెంటు ఓవెన్లే. కట్టెల భట్టీ అంటే ఖాసిం సాబ్‌ది, ఇంకా యాడో ఒకటో రెండో. అట్లాంటోని ముందర రూత్ అనే ఒక అరవై ఐదేండ్ల అమెరికా ఆమె నిలబడుకొని, పుస్తకాల్లో నేర్చిన తెలుగులో, నీ రొట్టె రొట్టె కాదు అంటే ఎట్లుంటాది?

"ఐతే ఇంగ యాడన్నా చూసుకో తల్లీ," అనేసినాడు మూడో వారం. ఉండబట్టలేక.

"చూశాను. హైదరాబాదులో చూశాను. కర్నూలులో చూశాను. అందరూ పాలు పోస్తారు, చక్కెర పోస్తారు, బ్రెడ్ అంటారు. బెంగళూరులో ఒక అంగడి మీద మా ఇంకో రొట్టె, బెజ్జం రొట్టె పేరు పెద్దగా రాసి ఉంది. పరుగెత్తి వెళ్ళాను. లోపల మామూలు బన్నుకు బెజ్జం పెట్టి అమ్ముతున్నారు."

చచ్చినోళ్ళ సంగతి చెప్పినట్టు చెప్పింది ఆ మాట.

"బెజ్జం పెడితే తప్పేముందమ్మా?"

"దాన్ని ముందు నీళ్ళలో ఉడికించాలి. తర్వాత కాల్చాలి. అప్పుడు అది పంటికి ఎదురు తిరుగుతుంది. బెంగళూరుది ఎదురు తిరగలేదు. కొరకగానే ఒప్పుకుంది."

పంటికి ఎదురు తిరగాల అన్న మాట ఖాసిం సాబ్‌కు నచ్చింది. నచ్చినట్టు మొగంలో కనపడనీలేదు. నాలుగో శుక్రవారం రమ్మన్నాడు.

ఆమె ఉండేది ఎమ్మిగనూరులో. చేనేత మీద ఏదో రాసుకుంటాండాది. మగ్గం నేసే దేవరాజు ఇంట్లో ముందర గది బాడుగకు తీసుకొని సంవత్సరం అయింది. పుట్టిందీ పెరిగిందీ న్యూయార్కులో. వాళ్ళు యూదులు. వాళ్ళ నాయనకు ఆడ ఒక అంగడి ఉండేదంట, డెలీ అంటారంట దాన్ని. మాంసాన్ని మసాలా ఉప్పునీళ్ళలో దినాల తరబడి నానేసి, పొగ పెట్టి, పేపరు మాదిరి పల్చగా కోసి, నల్లరొట్టె మధ్యలో ఆవాల ముద్దతో పెట్టిచ్చేది. పక్కన పీపాలో ఊరిన దోసకాయ. శుక్రవారం వచ్చిందంటే మాత్రం గుడ్డేసి పిసికిన రొట్టె, ఆడపిల్ల జడ మాదిరి అల్లింది. హల్లా అంటారంట. ఖాసిం సాబ్‌తో కాల్పిస్తాండేది దాన్నే. శుక్రవారం పొద్దుగూకితే వాళ్ళకు పండగ. దీపాలు పెట్టి, అట్లాంటివి రెండు రొట్టెలు, తుంచని నిండు రొట్టెలు, బట్ట కింద పెట్టుకొని మొదలుపెట్టాల.

ఈ నాలుగో శుక్రవారం వాళ్ళ నాయన చనిపోయిన దినం. దానికోసమే ఆమె ఒక మాంసం పొట్లం దాచుకోనుండాది. వాళ్ళ ఊర్లో, వాళ్ళోళ్ళు వాళ్ళ పద్ధతిలో కోసి, పొగబెట్టి, గాలి తీసి మూసిన పొట్లం. దేవరాజు పెండ్లాం ఉరుకుందమ్మ ఫ్రిజ్జులో మూడు కవర్లు చుట్టి పెట్టింది. ఆ అరలో పెరుగు గిన్నె పెట్టొద్దని ఉరుకుందమ్మకు చేతులు పట్టుకొని చెప్పిందంట. మాంసం తినే పూట పాలు గానీ, పెరుగు గానీ, నెయ్యి గానీ వాళ్ళు ముట్టరు. రొట్టెకు పాలు తగిలినా ఆ రొట్టె ఆ మాంసంతో పనికిరాదు. వాళ్ళ దేవుడు పెట్టిన కట్టు అది.

ఈ సంగతి ఖాసిం సాబ్‌కు ఆమె రెండోసారి చెప్పాల్సిన పనిలేకపోయింది. తినేదాంట్లో ఏముందో, ఏం లేదో అన్నదానికి ఎంత బరువుంటాదో ఆయనకు తెలిసినట్టు ఆదోనిలో ఇంకొకనికి తెలీదు.

పదకొండేండ్ల కింద, శ్రావణమాసంలో, ఎవడో ఒకడు ఊళ్ళో మాట వదిలినాడు: ఖాసిం బన్నుల్లో వేసేది డాల్డా కాదంట, జంతువు కొవ్వంట. అంతే. తెల్లారేసరికి అంగడి ముందర మనిషి లేడు. ఖాసిం సాబ్ డాల్డా డబ్బా చేతిలో పట్టుకొని ఇంటింటికీ తిరిగినాడు. ఖురాను మీద ఒట్టేస్తానన్నాడు. రోడ్డు మీద బల్ల వేసి జనం ముందర పిండి పిసికినాడు. "ఇప్పుడు ఏస్తాండావులే డాల్డా. దినామూ ఏసేది ఎవరు చూసినారు?" అన్నారు. ఎవరు చూసినారు. ఆ రెండు మాటలు ఈ పొద్దుటికీ ఆయన చెవుల్లోనే ఉండాయి. పోయినోళ్ళలో సగం మంది మళ్ళా రాలేదు. ఆ యేటి నుంచే ఆయన నోరు చేదైపోయింది. ఎవరన్నా బన్ను బాగుందంటే కూడా, "ఏం కలిపినానో అడగవా?" అంటాడు.

నాలుగో శుక్రవారం పొద్దున పది గంటలకే రూత్ అమ్మ దిగింది. మైదా ఆమెదే, జల్లెడ పట్టి తెచ్చింది. నూనె డబ్బా ఆమెదే, మూత కూడా ఇప్పలేదు. గుడ్లు ఒక్కొక్కటే గాజు గ్లాసులో పగలగొట్టి, రక్తపు చుక్క ఉందేమోనని వెలుతురుకు పెట్టి చూసింది. కొత్త అల్యూమినియం ట్రే తెచ్చింది. భట్టీలో పొద్దున్నుంచి రొట్టె పెట్టకుండా వట్టి మంటే మండించమని ముందువారమే చెప్పింది, లోపల ఇటుకలు తెల్లగా అయ్యేదాకా.

"మంట తాకిన ఇటుకకు పాత దోషం ఉండదు," అనింది. ఒక చిన్న పుల్ల తీసుకొని తన చేత్తో మంటలోకి వేసింది. యూదుల చేత్తో వేసిన పుల్ల ఒకటన్నా ఆ మంటలో ఉండాలంట. పిండి పిసికినాక నిమ్మకాయంత ముద్ద తీసి, నోట్లో ఏదో చదువుకొని, దాన్ని కూడా మంటకే ఇచ్చింది.

ఖాసిం సాబ్ పెండ్లాం హజరా బీ అంతా చూసి, మొగుని దగ్గరికి వచ్చి మెల్లగా అనింది: "మనకంటే ముదురున్నారు కదజీ వీళ్ళు."

"చూడు మల్ల. మనోళ్ళు పంది లేదంటే సాలు, కండ్లు మూసుకొని తింటారు," అన్నాడు ఖాసిం సాబ్.

జడలు రెండూ రూత్ అమ్మే అల్లింది. చివర్లు కత్తిరిస్తే మిగిలిన పిండి పక్కన పెట్టింది. జుమా నమాజుకు టైమైతాంటే ఆమె కూడా చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

"నేను మార్కెట్టుకు వెళ్ళి సబ్బసిగె ఆకు, అదే సోయాకూర, తెచ్చుకుంటాను, దోసకాయలు ఊరవెయ్యాలి. మూడు గంటలకు వస్తాను. ప్రతిసారీ పైపూత నేనే పూశాను, ఈసారి మీరు పూయండి. దయచేసి ఇదే పూయండి." ఒక గిన్నెలో గుడ్డు గిలక్కొట్టి, పైన పళ్ళెం మూత పెట్టి, బల్ల మూలకు జరిపి పోయింది.

నమాజు అయినాక మసీదు మెట్ల మీదనే ముస్తాక్ పట్టుకున్నాడు. ఖాసిం సాబ్ అంగడికి నాలుగు అంగళ్ళ అవతల సెల్లులు రిపేరు చేస్తాడు. నోరు ఊరుకోదు.

"ఏం ఖాసిం భాయ్, యెహూదీలకు రొట్టెలు కాలుస్తాండావంట? ప్రపంచంలో ఏం జరుగుతాందో టీవీలో చూడవా?"

నలుగురు నిలబడినారు. చెప్పులు వేసుకుంటా ఖాసిం సాబ్ తలెత్తినాడు.

"అప్పుడేమో నా బన్నులో ఏముందని అడిగినారు. ఇప్పుడు నా బన్ను ఎవరు తింటారని అడుగుతాండారు. మీరు ఎప్పుడన్నా బన్ను తిన్యారా రా, అడిగేదేనా?"

"అది కాదు భాయ్, నలుగురూ అనుకుంటారని—"

"నలుగురూ అనుకునింది నేను పదకొండేండ్ల కిందే తిని జీర్ణం చేసుకున్యా. పో, పోయి సెల్లులు అతికించుకో."

అనేసి వచ్చినాడు గానీ మనసు ఆ మెట్ల మీదనే ఉండిపోయింది. భట్టీ దగ్గరికి వచ్చి, లోపల ముస్తాక్‌కు ఇంకా ఏమేం చెప్పి ఉండాల్సిందో చెప్పుకుంటానే పని మొదలుపెట్టినాడు. మిగిలిన పిండిని రెండు చిన్న ఉండలు చేసి, కట్టెతో భట్టీలోకి తోసినాడు. ఒకటి భట్టీ నోటి దగ్గర, ఒకటి లోపలి గోడ పక్కన, వట్టి ఇటుక మీద. అది ఆయన నాయన నేర్పిన పద్ధతి. ఆ రెండు ఉండలు ఎట్ల కాలతాండాయో చూస్తే భట్టీలో యాడ వేడి ఎంతుందో తెలిసిపోతాది. తర్వాత వాటిని కోళ్ళకు వేస్తారు. ఉండలు పొంగినాక వాటిని బయటికి లాగి, జడలకు పూత పూసి, ట్రే లోపలికి తోసినాడు. నోరు ఇంకా ముస్తాక్‌తో కొట్లాడతానే ఉన్నింది.

మూడు దాటినాక ట్రే బయటికొచ్చింది. ఖాసిం సాబ్ అట్లనే చూస్తా నిలబడినాడు. బంగారు నిగనిగ. జడ పాయపాయకూ మెరుపు. నలభై ఏండ్లలో ఆ భట్టీలోంచి అట్లాంటి రొట్టె రాలేదు.

రూత్ అమ్మ వచ్చింది. సబ్బసిగె కట్టలు కింద పడేసి, రొట్టెల మీదికి వంగి వాసన పీల్చింది. తుంచితే నిండు రొట్టె కాకుండా పోతాదని తుంచలేదు.

"పాలు తగల్లేదు కదా, ఖాసిం గారూ?"

"లేదు తల్లీ. నీళ్ళు, నూనె, గుడ్డు, ఉప్పు, చక్కెర, ఈస్టు. నా నోటి మాట."

"మీ మాట చాలు," అనింది. మూడున్నర బస్సుకు పోయింది. ఐదున్నరకు దీపాలు పెట్టుకోవాలంట. బస్సెక్కంగానే ఫోను ఆపేస్తుందంట, శనివారం పొద్దుగూకేదాకా ముట్టదంట.

నాలుగు గంటలకు హజరా బీ బల్ల తుడుస్తా పళ్ళెం ఎత్తింది.

"అజీ, ఈ గుడ్డేంది?"

"ఏ గుడ్డు?"

"ఆమె కొట్టిపెట్టిన గుడ్డు. అట్లనే ఉంది కదా. తొరక కట్టింది. రొట్టెల మీద ఏం పూసినావు మరి?"

ఖాసిం సాబ్ టీ గ్లాసు పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగింది. భట్టీ పక్క గూట్లో ఉండే పాల చెంబు వైపు చూసినాడు. బ్రష్షు అందులోనే నిలబడుకోని ఉంది. నలభై ఏండ్లుగా అది ఉండే చోటు అదే. దావతుకు పోయే రొట్టె, పండక్కి పోయే రొట్టె, గౌరవంగా ఇయ్యాల్సిన ఏ రొట్టెకైనా కడాకు పాలు పూసి పంపడం ఆ భట్టీ మర్యాద. నాయన చెయ్యి అట్లనే చేసింది. నోరు ముస్తాక్‌తో కొట్లాడతాంటే తన చెయ్యి నాయన చేసిన పనే చేసింది.

ఆ నిగనిగ పాలది.

"యా అల్లా," అన్నాడు.

ఫోను తీసినాడు. రూత్ అమ్మ నంబరు. స్విచ్ఛాఫ్. మళ్ళా కొట్టినాడు. స్విచ్ఛాఫ్. దేవరాజు ఇల్లు తెలుసు, నంబరు ఆయన దగ్గర లేదు.

హజరా బీ గిన్నె చేతిలో పట్టుకొని నిలబడి ఉంది. "ఒక్క పూత. అదీ మంటలో ఆవిరైపోయి ఉంటాది. ఆమె తెలిసి తినడంల్యా కదజీ. ఎవరికి తెలుస్తాది?"

"ఎవరు చూసినారు అంటావు."

"ఆ మాటే నేను అనలేదు."

"అనకున్నా అదే. అప్పుడు లేని కొవ్వును ఊరంతా చూసింది. ఇప్పుడు ఉన్న పాలను ఎవరూ చూడలేదు. బాగుంది కదా ఈ లెక్క?" ఫోను బల్ల మీద పడేసినాడు. "ఆమె నాయన చచ్చిన దినం హజరా. తెలిసిన నేను నోరు మూసుకుంటే, ఆ పొద్దు నా మీద పుట్టించినారే, అది నిజం చేసినట్టు కాదా?"

హజరా బీ గిన్నె కింద పెట్టింది. కోళ్ళకని గంపలో వేసిన రెండు ఉండలు కనపడినాయి ఆమెకు. వాటిని తీసి ఆయన ముందర పెట్టింది.

"ఇవి ఆ పిండివే కదా? వీటికి పూత పడిందా?"

ఖాసిం సాబ్ చూసినాడు. ఒకటి తెల్లగా, ఒకటి మాడినట్టు. రెండూ కళ లేకుండా, బూడిద అంటుకోని. పాలు లేవు. గుడ్డు పూత కూడా లేదు. భట్టీ పెట్టుకున్నోడు ఎవడూ మనిషికి ఇయ్యని రొట్టె. కడిగిన తెల్లగుడ్డలో చుట్టి చొక్కా లోపల పెట్టుకున్నాడు.

ఎమ్మిగనూరుకు బండి తీసినాడు గానీ మార్కెట్ యార్డు దగ్గరే ఆగిపోయినాడు. పత్తి సీజను. బోరాలు పొంగిపోతాండే లారీలు రోడ్డుకు అడ్డం తిరిగి నిలబడినాయి. కోసిగి వైపు నుంచి వచ్చిన కూలోళ్ళు మూటలు, బిందెలు, పసిపిల్లలతో రోడ్డు పక్కన ఏ బండి కోసమో కూర్చోనున్నారు. ఖాసిం సాబ్ టీవీఎస్ హారను వాయించినాడు, లారీ డ్రైవరు తల బయట పెట్టి, "ఎగిరి పో సాబూ, దారి ఉంది పైన!" అన్నాడు. చివరికి బండి దిగి, మూటల మధ్యలోంచి తోసుకుంటా బయటపడినాడు. అప్పటికే నాలుగున్నర.

ఊరు దాటినాక గాలి చలిగా కొట్టింది. ముప్పై కిలోమీటర్లు. ఆ ముసలి బండి నలభై దాటితే కింద ఏదో ఊడిపోతాండాదన్నట్టు మొత్తుకుంటాది. రెండు పక్కలా ఏరేసిన పత్తి చేన్లు. వెనకాల ఎండ ఆయనకంటే జోరుగా దిగిపోతాండాది. చొక్కాలో ఉండలు పొట్టకు తగులుతాండాయి. ఆమె ఇంటికి చేరి ఉంటాది. మాంసం పొట్లం కోసి ఉంటాది. ఎమ్మిగనూరు ఇంకా ఎనిమిది కిలోమీటర్లు ఉందనంగా పోలీసాయన చెయ్యి అడ్డం పెట్టినాడు.

"హెల్మెట్ ఏదయ్యా?"

"లేదు సార్. తొందరలో వచ్చినా. రొట్టె ఇయ్యాల."

"అంత అర్జెంటు రొట్టె ఏంది?"

"ఇందాక ఇచ్చిన రొట్టెకు పాలు తగిలినాయి సార్. పొద్దుగూకేలోపల చెప్పకపోతే ఆమె తినేస్తాది."

పోలీసాయన ఖాసిం సాబ్‌ను పైనుంచి కిందికి చూసినాడు. తాగినోడేమోనని దగ్గరికి వచ్చి వాసన చూసినాడు. కట్టెల పొగ, మైదా తప్ప ఏ వాసనా లేదు.

"పాలు తగిలితే ఏమైతాది?"

"నా మాట అబద్ధమైతాది సార్."

ఆయనకు ఏం అర్థమైందో ఏమో, పో పో అని చెయ్యి ఊపినాడు.

దేవరాజు ఇంటి ముందర బండి స్టాండు వెయ్యలేదు, గోడకు ఆనించి వదిలేసినాడు. లోపల మగ్గం ఆగిపోయి ఉంది. ముందర గది తలుపు తెరిచే ఉంది. బల్ల మీద తెల్లబట్ట, దాని కింద రెండు జడలు ఎత్తుగా. పళ్ళెంలో ఎర్రటి మాంసం పల్చని ముక్కలు. రెండు కొవ్వొత్తులు నిలబెట్టి ఉన్నాయి. రూత్ అమ్మ చేతిలో అగ్గిపెట్టె.

"ముట్టొద్దు తల్లీ!"

ఆ అరుపుకు దేవరాజు, ఉరుకుందమ్మ ఇద్దరూ మగ్గం గదిలోంచి ఉరికొచ్చినారు.

"ఏం సాబ్, ఏమైంది? ఎవరికన్నా ఏమన్నా—"

"రొట్టెలకు పాలు తగిలినాయి." ఖాసిం సాబ్ వాకిలి పట్టుకొని నిలబడినాడు. "నేనే పూసినా. నీ గుడ్డు గిన్నెలోనే ఉండిపోయింది. చెయ్యి అలవాటుకు పాల చెంబులోకి పోయింది. నాకు తెలీకుండానే పోయింది. నువ్వు అడిగినప్పుడు లేదన్నానే, అది తప్పు మాట."

రూత్ అమ్మ అగ్గిపెట్టె కింద పెట్టింది. ఎప్పటి మాదిరే అడిగింది, గొంతు పెంచకుండా. "రెండింటికీ పూశారా?"

"రెండింటికీ."

"లోపల పిండిలో?"

"లేదు. పైననే."

ఆమె బట్ట ఎత్తింది. ఆ నిగనిగను చూసింది. మాంసం పళ్ళెం ఎత్తి, రొట్టెలకు దూరంగా కిటికీ మీద పెట్టింది. ఖాసిం సాబ్ చూపు పక్కకు తిప్పుకున్నాడు. కిటికీలోంచి ఎండ ఎదురింటి గోడ పైఅంచుకు ఎక్కిపోయి ఉంది.

ఉరుకుందమ్మ గబగబా ముందుకొచ్చింది. "రొట్టే కదమ్మా? పొయ్యి మీదుంది పెనం. నిమిషంలో రెండు జొన్నరొట్టెలు తట్టిస్తా."

"జొన్నది కాదమ్మా. గోధుమదే కావాలి. దీపం పెట్టాక నేను నిప్పు ముట్టకూడదు. దీపానికి ఇంకా పది నిమిషాలు కూడా లేవు."

ఖాసిం సాబ్ చొక్కాలోంచి మూట తీసినాడు. విప్పడానికి చేతులు రాలేదు. ఇన్నేండ్లలో ఎవరికీ ఇంత సిగ్గుగా రొట్టె ఇయ్యలేదు.

"ఇవి వేడి చూసేదానికి వేసే ఉండలు. నీ పిండే. జడ చివర్లు. ట్రే కాదు, వట్టి ఇటుక మీద కాలినాయి, నువ్వు పొద్దుటినుంచి మండించమన్నావే, ఆ ఇటుక. వీటికి బ్రష్షు తగల్లేదు. కోళ్ళకు వేసేవి తల్లీ. కానీ పాలు లేవు."

రూత్ అమ్మ ఒకటి చేతిలోకి తీసుకొని తిప్పి చూసింది. అడుగున బూడిద. ఊదింది.

"వీటికి పాలు తగల్లేదని ఎవరు చూశారు?"

ఖాసిం సాబ్ మొగం నల్లబడింది. అదే మాట. పదకొండేండ్ల కింద ఊరంతా అడిగిన మాట. ఈమె కోపంగా అడగలేదు, వాళ్ళ కట్టు ప్రకారం అడగాల్సిన ప్రశ్న అడిగింది. ఐనా ఆయనకు ఆ శ్రావణం పొద్దున రోడ్డు మీద బల్ల ముందర మళ్ళా నిలబడినట్టే అయింది. ఒట్టు వేద్దామని చెయ్యి లేచింది. సగంలో దించేసినాడు.

"ఎవరూ చూడలేదు," అన్నాడు. "నేనొక్కన్నే. నా మాట ఈ పొద్దు ఒకసారి తప్పింది. ఇంగ నీ ఇష్టం."

ఎదురింటి గోడ మీద ఎండ నాలుగు వేళ్ళంత మిగిలింది. ఖాసిం సాబ్ దాన్నే చూస్తా నిలబడినాడు. ఆమె ఒద్దంటే మూట కట్టుకొని పోవాల. ఆదోని దాకా ముప్పై కిలోమీటర్లు, రెండు ఉండలు పొట్టకు తగులుతా.

రూత్ అమ్మ జడరొట్టెలు రెండూ ఎత్తి ఉరుకుందమ్మ చేతుల్లో పెట్టింది. బట్ట కిందకు ఆ రెండు బూడిద ఉండలను జరిపి, చుట్టూ సర్దింది.

"జడలకు పాలు పూసింది కూడా మీరొక్కరే చూశారు కదా," అనింది. అగ్గిపుల్ల గీసింది.

ఖాసిం సాబ్ మగ్గం గదిలోకి వచ్చేసినాడు. దేవరాజు చాప పరిచిస్తే కాళ్ళూ చేతులూ కడుక్కొని, పొద్దుగూకినాక మగ్గం పక్కన మగ్రిబ్ నమాజు చేసుకున్నాడు. లేచి చూస్తే ఉరుకుందమ్మ టీ పెట్టి, ఒక జడను పాయలుగా తుంచి పళ్ళెంలో పెట్టి ఉంది.

"సాబ్, ఏం రొట్టె ఇది! నోట్లో పెడితే కరిగిపోతాండాది," అన్నాడు దేవరాజు. "ఇంత మంచిదాన్ని తినకూడదంటే పాపం ఆమె..."

ఖాసిం సాబ్ ఒక పాయ నోట్లో పెట్టుకున్నాడు. నిజమే. పాల పూతకు పైతోలు దూది మాదిరి అయింది. కొరకగానే ఒప్పుకుంది. మింగి, మిగతాది పళ్ళెంలోనే పెట్టేసినాడు.

తలుపు సందులోంచి ముందర గది కనపడతాంది. రూత్ అమ్మ ఒక్కతే బల్ల ముందర. చేతులు కడుక్కొని వచ్చింది, కడుక్కున్నాక ఎవరితోనూ మాట్లాడలేదు. రెండు ఉండలూ కలిపి ఎత్తి, ఏదో చదివి, మాడిన ఉండను తుంచింది. అది తుంచిన చప్పుడు ఈ గదిదాకా వినపడింది. ఉప్పులో అద్దింది. నోట్లో పెట్టుకుంది.

కండ్లు మూసుకుంది.

ఖాసిం సాబ్ టీ గ్లాసు నేల మీద పెట్టేసినాడు. ఆమె దవడ గట్టిగా ఆడతాండాది. పైతోలు ఎదురు తిరుగుతాండాది, తెలుస్తాండాది ఇంత దూరానికి. నమిలింది. నమిలింది. వట్టి ఇటుక మీద కాలిన రొట్టె. మూడు వారాలూ దోషం తగులుతాదని ఇటుక మీద కాల్చనీకుండా ట్రేలో పెట్టించింది తనే కదా ఈ ముసలామె.

కండ్లు తెరిచింది. తలకాయ ఊపలేదు. కిటికీ మీదినుంచి మాంసం పళ్ళెం తెచ్చుకుంది, ఒక పల్చటి ముక్క తీసి రొట్టె మీద పరిచింది. ఇంకో కొరుకు కొరికింది. చెంప మీద నీళ్ళు కారతాంటే తుడుచుకోలేదు, నమలడం ఆపలేదు.

"ఏమంటాంది సాబ్ ఆమె?" దేవరాజు గుసగుసగా అడిగినాడు.

"ఏమీ అనడంల్యా. తింటాంది."

ఖాసిం సాబ్ బయటికొచ్చి, గోడకు ఆనించిన బండి తీసుకున్నాడు. లోపల రొట్టె ఇంకోసారి తుంచిన చప్పుడు వినపడినాక కిక్కు కొట్టినాడు.